సత్తుకి సత్తువ ఎక్కడిది?

మన ఇళ్ళల్లో అల్యూమినియం గిన్నెని సత్తు గిన్నె అనేవాళ్ళు. మా అమ్మమ్మ గారింట్లో సొట్ట పడని సత్తు గిన్నె ఒక్కటి కూడా ఉండేది కాదు. చెయ్యి జారితే సొట్ట, గట్టిగా తోమితే గీత. ఆ లోహం మీద మనకి ఉన్న గౌరవం అంతంతమాత్రమే. అయినా రెండేళ్ళకోసారి అదే లోహంతో చేసిన రెక్కల్ని నమ్ముకుని, పిల్లాపాపలతో సహా సముద్రాలు దాటి ఇండియా వెళ్ళొస్తుంటాం. ఒకే లోహం ఒకచోట గరిటె దెబ్బకి లొంగిపోయి, ఇంకొకచోట వందల టన్నుల విమానాన్ని మోస్తోంది. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది?

"ఏముంది, రెండోదాంట్లో వేరే లోహాలు ఏవో కలిపి ఉంటారు" అంటారు చాలామంది. అది సగం నిజం. మిగతా సగం నాకు తెలిసి ఉండాలి, ఎందుకంటే సాఫ్టువేరులోకి రాకముందు నేను చదివింది మెటలర్జీ. తెలిసికూడా సమయానికి గుర్తు రాకపోతే ఏమవుతుందో ముందు చెబుతాను.

మా మిత్రుడొకరి అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాడి మౌంటెన్ బైకు ఫ్రేములో, పెడల్స్ దగ్గరనుంచి వెనక చక్రానికి పోయే గొట్టం మీద సన్నటి పగులు వచ్చింది. కొత్త ఫ్రేము కొనడమెందుకని మా మిత్రుడు దగ్గర్లో కంచెలూ, ట్రైలర్లూ అతికే ఒక వెల్డింగు షాపులో ఆ పగులు అతికించుకుని వచ్చాడు. తిన్నగా మా గరాజికి తెచ్చి, "గురువుగారూ, మీరు మెటలర్జీ చదివారు కదా, ఒక్కసారి చూసి చెప్పండి. వాడు తొక్కచ్చా?" అని అడిగాడు.

నేను చూశాను. అతుకు నిండుగా, సమంగా ఉంది. ఎక్కడా చిల్లు లేదు, పగులు లేదు. గొట్టాన్ని రెండు చేతులతో నొక్కి చూశాను. పెడల్ మీద నుంచుని ఊగి చూశాను. ఏమాత్రం తేడా లేదు. "బ్రహ్మాండంగా ఉందండీ, తొక్కుకోమనండి" అన్నాను.

మూడు వారాల తరవాత, కొండ దిగువన ఒక గోతిలో పడి ఆ గొట్టం మడత పడింది. అబ్బాయి మణికట్టు విరిగింది. ఆ సాయంత్రం ఫ్రేముని చేతిలోకి తీసుకుని చూస్తే నాకు నోట మాట రాలేదు. వెల్డింగు చేసిన అతుకు చెక్కుచెదరలేదు. దానికి అర అంగుళం పక్కన, ఎవరూ ముట్టుకోని గొట్టం మైనంలా వంగిపోయి ఉంది.

వెల్డరు పనిలో లోపం లేదు. లోపం నా సలహాలో ఉంది. ఆ రాత్రి అటక మీదున్న పాత పుస్తకాలు దింపి, ఎప్పుడో పరీక్షలో పదిమార్కుల ప్రశ్నకి మూడు పేజీలు రాసి మరిచిపోయిన పాఠాన్ని మళ్ళీ మొదటినుంచీ చదువుకున్నాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

పాకం లెక్క

ఆ గొట్టం మీద స్టిక్కరు ఉంది: 6061-టి6. ఇందులో 6061 అన్నది ఏమేం కలిపారో చెప్పే సంఖ్య. దాదాపు 98 పాళ్ళు అల్యూమినియమే. మిగిలినదాంట్లో మెగ్నీషియం ఇంచుమించు ఒక శాతం, సిలికాన్ 0.6 శాతం, కొద్దిగా రాగి, ఇంకా కొద్దిగా క్రోమియం. పక్కనున్న టి6 అన్నది టెంపరు. అంటే ఆ లోహానికి ఏ వరసలో, ఎంత వేడి చూపించారో చెప్పే గుర్తు.

ఇప్పుడు ఈ అంకెలు చూడండి. మెత్తబరిచిన 6061 శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకోగల ఒత్తిడి సుమారు 55 మెగాపాస్కల్స్. అదే లోహం టి6 స్థితిలో తట్టుకునేది సుమారు 276. ఒక్క గ్రాము కూడా కలపలేదు, ఒక్క గ్రాము కూడా తీయలేదు. బలం మాత్రం ఐదింతలయింది. మన భాషలో చెప్పాలంటే సోర్సు కోడు ఒకటే, బిల్డు వేరు.

ఈ మాయ అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. చన్నీళ్ళలో కంటే వేణ్ణీళ్ళలో పంచదార ఎక్కువ కరుగుతుంది. వేడి పాకాన్ని నెమ్మదిగా చల్లారనిస్తే, పట్టనంత పంచదార పలుకులు కట్టి బయట పడుతుంది. పటికబెల్లం తయారయ్యేది అలాగే. టెన్త్ క్లాసు తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి అవక్షేపం అన్న మాట గుర్తుండే ఉంటుంది. ద్రవంలోంచి విడిపోయిన ఘనపదార్థం అది.

ఘనపదార్థంలోంచి కూడా అవక్షేపం విడిపోతుంది. అల్యూమినియంలో రాగి సంగతే తీసుకోండి. 548 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఇంకా గట్టిగా ఉన్న అల్యూమినియమే 5.65 శాతం దాకా రాగిని తనలో ఇముడ్చుకోగలదు. మామూలు గది వేడిలో ఒక శాతంలో చిన్న భాగం కూడా ఇముడ్చుకోలేదు. మరి నాలుగు శాతం రాగి ఉన్న ముక్కని పైవేడికి తీసుకువెళ్ళి, నెమ్మదిగా కాకుండా ఒక్కసారిగా చన్నీళ్ళలో ముంచితే? రాగి పరమాణువులకి కదిలే వ్యవధి ఉండదు. ఉండకూడని చోట, ఉండకూడని సంఖ్యలో ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి. లోపల అసంతృప్తి నిండిన ఒక శాంతి. ఆ క్షణంలో లోహం ఇంకా మెత్తగానే ఉంటుంది. అసలు కథ ఆ తరవాత మొదలవుతుంది.

ఒక శనివారం, ఒక సోమవారం

ఇక్కడ ఒక పిట్టకథ. జర్మనీలో బెర్లిన్ పక్కన నాయ్‌బాబెల్స్‌బర్గ్ అనే చోట ఒక పరిశోధనా సంస్థలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే ఆయన పనిచేసేవాడు. తూటాల తొడుగులకి ఇత్తడి బదులు వాడదగిన గట్టి అల్యూమినియం కావాలని సైన్యం అడిగింది. ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది కదా, అల్యూమినియం మిశ్రమాలకి కూడా అదే వైద్యం చేసి చూద్దామనుకున్నాడు విల్మ్.

1906లో నాలుగు శాతం రాగి, అర శాతం మెగ్నీషియం కలిపిన ముక్కని కాల్చి ముంచాడు. గట్టితనం కొలిస్తే ఆశించినంత లేదు. వారాంతం వచ్చింది, పని ఆగింది. సోమవారం మిగిలిన కొలతలు తీస్తే అదే ముక్క బాగా గట్టిపడి ఉంది. మొదట కొలిచే పరికరం మీద అనుమానం వచ్చిందని చెప్పుకుంటారు. మళ్ళీ మళ్ళీ చేస్తే తేలిందేమిటంటే, ముంచిన తరవాత ఊరికే బల్ల మీద వదిలేస్తే చాలు, నాలుగైదు రోజులపాటు లోహం తనంతట తానే గట్టిపడుతూ పోతుంది. ఆవకాయ జాడీలో ఊరినట్టు!

1909లో పేటెంటు వచ్చింది. డ్యూరెన్ అన్న ఊళ్ళోని కర్మాగారంలో తయారయింది కనక దీనికి డ్యూరాలుమిన్ అని పేరు. జెప్పెలిన్ గాలి ఓడల చట్రాలు, 1919లో వచ్చిన యుంకర్స్ ఎఫ్-13 అనే పూర్తి లోహపు ప్రయాణీకుల విమానం, అన్నీ దీనితో చేసినవే. విల్మ్ మాత్రం లోహాలు వదిలి వ్యవసాయంలోకి వెళ్ళిపోయాడు. 1937లో పోయాడు. తను కనిపెట్టింది ఎందుకు పనిచేస్తుందో కళ్ళారా చూపించే ఋజువు మరుసటి సంవత్సరం వచ్చింది.

విల్మ్ కంటే ముందే ఈ పని తెలియకుండా చేసినవాళ్ళున్నారు. 1903లో ఎగిరిన రైట్ సోదరుల విమానం ఇంజను పెట్టెని ఎనిమిది శాతం రాగి కలిపిన అల్యూమినియంతో పోతపోశారు. 1994లో గేల్, గుడ్‌వే అనే ఇద్దరు పరిశోధకులు ఆ లోహపు నమూనాని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించి, పోత చల్లారేటప్పుడే అందులో అవక్షేపాలు ఏర్పడి బలం ఇచ్చాయని తేల్చారు. ఎవరూ ఉద్దేశించలేదు, ఎవరికీ తెలియదు, అయినా జరిగింది.

జంపఖానా మీద ముడత

అవక్షేపం ఏర్పడితే లోహం ఎందుకు గట్టిపడాలి? ముందు లోహం ఎందుకు వంగుతుందో చూడాలి.

పెళ్ళి పందిట్లో పరిచిన పెద్ద జంపఖానాని ఒక జానెడు పక్కకి జరపాలనుకోండి. కొస పట్టుకుని లాగితే నలుగురికి కూడా లొంగదు. అదే ఒక అంచున ముడత లేపి, ఆ ముడతని కాలితో తోసుకుంటూ రెండో అంచుకి తీసుకెళితే ఒక్కడే జరిపెయ్యగలడు. స్ఫటికంలో పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జరిగేది కూడా ఇలాగే. ఆ ముడత లాంటి గీతకి డిస్‌లొకేషన్ అని పేరు. 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యీ ముగ్గురూ విడివిడిగా ఈ సంగతి ఊహించారు. శుద్ధమైన అల్యూమినియంలో ఈ ముడతలకి అడ్డే లేదు, అందుకే అమ్మమ్మ గిన్నెకి అన్ని సొట్టలు.

లోహాన్ని బలపరచడమంటే ముడతకి అడ్డాలు పెట్టడమే. జంపఖానా మీద అక్కడక్కడా ఇటుకలు పెట్టారనుకోండి, ముడత ఆగిపోతుంది. మరి ఉన్న బరువుని ఎలా పంచితే ఎక్కువ అడ్డు? మట్టిబెడ్డలంత చిన్న ముక్కలు చేసి చల్లితే ముడత వాటిని తొక్కుకుంటూ పోతుంది. అంతా కలిపి నాలుగు బండరాళ్ళు చేసి దూరదూరంగా పెడితే ముడత వాటి మధ్యనుంచి చుట్టు తిరిగి పోతుంది. మధ్యలో ఒక మంచి కొలత ఉంది. తొక్కడానికి కుదరనంత పెద్దవి, మధ్యలో దూరడానికి వీల్లేనంత దగ్గరవి. 1948లో ఒరోవాన్ ఈ చుట్టు తిరగడానికి ఎంత ఒత్తిడి కావాలో లెక్క కట్టాడు. అడ్డాల మధ్య దూరం సగమయితే కావలసిన ఒత్తిడి ఇంచుమించు రెట్టింపవుతుంది.

ఆ మంచి కొలత ఎంత చిన్నదంటే, బాగా బలంగా ఉన్న 6061లో ఈ అవక్షేపాలు సూదుల ఆకారంలో, నాలుగు నానోమీటర్ల మందాన, కొన్ని పదుల నానోమీటర్ల పొడవున ఉంటాయి. తలవెంట్రుక మందంలో సుమారు ఇరవై వేల వంతు. మామూలు మైక్రోస్కోపుకి ఇవి ఆనవు. విల్మ్ తన ముక్కల్ని మైక్రోస్కోపు కింద ఎంత చూసినా, గట్టిపడక ముందూ తరవాతా ఒకేలా కనిపించాయంటే ఆశ్చర్యం లేదు.

కనిపించనివాటిని చూడటం

1919లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో మెరికా, వాల్టెన్‌బర్గ్, స్కాట్ అనే ముగ్గురు ఒక వివరణ ఇచ్చారు. వేడి తగ్గేకొద్దీ రాగి కరిగే మోతాదు తగ్గుతుంది కనక, మిగిలిన రాగి కంటికి ఆననంత సన్నటి రేణువులుగా విడిపోతూ ఉండాలి, బలం వాటివల్లే రావాలి అన్నారు. చూసి చెప్పినది కాదు, తర్కంతో చెప్పినది.

చూపించినవాళ్ళు 1938లో ఇద్దరు. పారిస్‌లో ఆంద్రే గినియే, ఇంగ్లండులో టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబరేటరీలో ప్రెస్టన్. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ముదిరిన అల్యూమినియం–రాగి స్ఫటికాల మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేశారు. చుక్కలు మాత్రమే ఉండవలసిన చిత్రంలో సన్నటి చారలు కనిపించాయి. చార పడిందంటే లోపల ఏదో ఒక దిశలో చాలా పలచగా ఉందని అర్థం. రాగి పరమాణువులు స్ఫటికంలోని కొన్ని తలాల మీద చేరి, ఒకే పరమాణువు మందంతో, కొద్ది నానోమీటర్ల వెడల్పుతో పళ్ళేలు కట్టాయని ఇద్దరూ తేల్చారు. ఇద్దరి ఉత్తరాలూ నేచర్ పత్రికలో పక్కపక్కనే అచ్చయ్యాయి. ఆ పళ్ళేలని ఈనాటికీ గినియే–ప్రెస్టన్ జోన్లనే పిలుస్తారు.

రాగి పరమాణువు అల్యూమినియం పరమాణువు కంటే చిన్నది. అందుకని అవి ఒకచోట చేరితే చుట్టూ ఉన్న వరసలు లోపలికి లాగబడతాయి. పళ్ళెం పరమాణువు మందమే అయినా, దాని చుట్టూ వంకర తిరిగిన ప్రాంతం ఇంకా పెద్దది. ముడతకి ఆ వంకర కూడా అడ్డమే.

ఇంకొక చిక్కు ప్రశ్న మిగిలి ఉంది. గది వేడిలో ఘనపదార్థంలో పరమాణువులు ఇంత తొందరగా ఎలా కదులుతాయి? మామూలు లెక్క ప్రకారం అయితే కదలకూడదు. జవాబు ముంచడంలో ఉంది. ఏ స్ఫటికంలోనైనా కొన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయి. పరమాణువు కదలాలంటే పక్క కుర్చీ ఖాళీ ఉండాలి. మ్యూజికల్ చైర్స్ ఆటే. గది వేడిలో అల్యూమినియంలో లక్ష కోట్ల స్థానాలకి ఏ కొన్నో మాత్రమే ఖాళీ. 550 డిగ్రీల దగ్గర మాత్రం పదివేలకి ఒకటో రెండో ఖాళీలుంటాయి. ఒక్కసారి నీళ్ళలో ముంచితే రాగి ఒక్కటే కాదు, ఆ ఖాళీలు కూడా లోపల ఇరుక్కుపోతాయి. అవే తరవాత రాగిని మోసుకుని తిరుగుతాయి. మంచి పని జరగాలంటే ముందు కొంత చోటు ఖాళీగా ఉండాలన్నమాట.

లేత, తగుపాకం, ముదురు

ఈ వ్యవహారాన్ని ఇంగ్లీషులో ఏజింగు అంటారు. మనకి అంతకంటే మంచి మాట ఉంది: ముదరడం. అరిసెల పాకానికి మనం వాడే మాటే. పాకం లేతగా ఉన్నా తప్పే, ముదిరినా తప్పే, సమయం చూసి దింపాలి. ఒక్కటే తేడా. బెల్లం పాకం ముదిరితే రాయవుతుంది, అల్యూమినియం ముదిరిపోతే మెత్తబడుతుంది.

అల్యూమినియం–రాగి జంటలో వరస ఇలా సాగుతుంది. మొదట గినియే–ప్రెస్టన్ జోన్లు. తరవాత కొంచెం మందమైన థీటా డబుల్ ప్రైమ్. ఆ తరవాత థీటా ప్రైమ్. చివరికి థీటా, అంటే రెండు అల్యూమినియం పరమాణువులకి ఒక రాగి చొప్పున చేరిన అసలు సమ్మేళనం. ప్రకృతి చేరదలచుకున్నది థీటాకే, కానీ దాని స్ఫటికం చుట్టూ ఉన్న అల్యూమినియంతో ఏ విధంగానూ కలవదు, నేరుగా పుట్టాలంటే కష్టం. అందుకని సులభంగా పుట్టగలిగే మజిలీల మీదుగా వెళుతుంది. మనకి కావలసిన బలం ఆ మజిలీల్లో ఉంది, గమ్యంలో లేదు. బలం శిఖరం డబుల్ ప్రైమ్‌కీ ప్రైమ్‌కీ నడుమ వస్తుంది. పూర్తిగా గమ్యం చేరితే మిగిలేది దూరదూరంగా నాలుగు బండరాళ్ళు.

6061లో రాగి బదులు మెగ్నీషియం, సిలికాన్ ఈ పాత్ర వహిస్తాయి. అక్కడ బలమిచ్చే సూదుల పేరు బీటా డబుల్ ప్రైమ్. వాటిలో పరమాణువుల అమరిక ఎలా ఉంటుందో 1997లో గానీ తెలియలేదు. రెండు అవక్షేపాల పేర్లు వేరు, కథ ఒకటే.

టి6 అంటే ఏమిటో ఇప్పుడు చెప్పచ్చు. 6061ని 530 డిగ్రీల దగ్గర కాచి అన్నీ కరగనివ్వాలి. వెంటనే నీళ్ళలో ముంచాలి. ఆ తరవాత 175 డిగ్రీల దగ్గర సుమారు ఎనిమిది గంటలు ఉంచి, శిఖరం దగ్గర దింపాలి. కాచకుండా గది వేడిలోనే వదిలేస్తే అది టి4, బలం సుమారు 145. కావాలనే శిఖరం దాటించి కొద్దిగా ముదరబెడితే టి7. కొంత బలం పోయినా కొన్ని విమాన లోహాలు తుప్పువల్ల పగలకుండా ఉండటానికి అది పనికొస్తుంది.

వేడి పెంచితే ముదరడం తొందరగా జరుగుతుంది, కానీ శిఖరం పొట్టిదవుతుంది. చల్లగా ఉంచితే ఆగుతుంది. ఇది కర్మాగారాల్లో పనికొచ్చే చిట్కా. విమానాలకి కొట్టే కొన్ని రకాల రివెట్లు ముంచిన గంటల్లోనే గట్టిపడి, కొట్టబోతే పగులుతాయి. అందుకని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కూడా వాటిని ఫ్రీజర్లో దాచి, కావలసినన్ని తీసుకుని, మెత్తగా ఉండగానే కొట్టేసేవారు. 2024 రకం రివెట్లకి ఫ్రీజర్లోంచి తీసిన తరవాత పది, ఇరవై నిమిషాలే గడువు. కొట్టిన తరవాత విమానంలోనే కూర్చుని నింపాదిగా గట్టిపడతాయి.

దీనికి తిరుగు ముఖం కాంకార్డ్. ధ్వనికి రెండింతల వేగంతో పోతే గాలి రాపిడికి దాని ముక్కు 127 డిగ్రీల దాకా వేడెక్కేది. ఇంకా వేగంగా పోకుండా ఆపింది ముఖ్యంగా ఇంజన్లు కాదు, ఒంటి మీది అల్యూమినియం. అంతకంటే వేడెక్కితే కొన్ని వేల గంటల్లో లోహం సాగుతుంది, ముదిరిపోతుంది. 2003లో అది విరమించేవరకూ ఆ హద్దు మారలేదు.

మన వాకిట్లో కార్లకి కూడా ఈ కథతో సంబంధం ఉంది. కొన్ని కార్ల ఒంటి రేకులు 6000 తరగతి అల్యూమినియంవి. అచ్చులో వంచేటప్పుడు మెత్తగా ఉండి, తరవాత రంగు ఆరబెట్టడానికి 180 డిగ్రీల ఓవెన్లో ఇరవై ముప్ఫై నిమిషాలుంటే ఆ వేడికే గట్టిపడతాయి. రంగు వేసిన వేడి ఊరికే పోకుండా బలం కూడా వేస్తోంది.

ఆ అర అంగుళం

ఇప్పుడు మా గరాజిలో నుంచుని ఉన్న ఆ ఫ్రేము దగ్గరికి రండి.

వెల్డింగు చేసినప్పుడు అతుకు కరగాలి. అంటే ఆరువందల డిగ్రీలకి పైన. దానికి అర అంగుళం, అంగుళం అవతల వేడి నాలుగువందలు, మూడువందలు, రెండువందల యాభై, ఇలా మెట్లు మెట్లుగా దిగుతుంది. బాగా దగ్గరగా ఉన్నచోట సూదులు మళ్ళీ కరిగిపోయాయి. కొంచెం అవతల కరగలేదు గానీ, ఎనిమిది గంటల ఓపికతో పెంచిన సూదులు నిమిషాల్లో ముదిరి బండలైపోయాయి. ఆ పట్టీ టి6 కాదు. చట్టబద్ధమైన వెల్డింగు నియమాల్లో 6061-టి6 పలకకి కనీస తెగే బలం 290 మెగాపాస్కల్స్ అని లెక్కకడితే, వెల్డింగు తరవాత కనీసం 165 అని మాత్రమే కడతారు. ఎంత గొప్ప వెల్డరయినా సరే. ఆ లోటు చేతి పనిలో లేదు, పదార్థంలో ఉంది.

మరి నేను నొక్కి చూశానే, పెడల్ మీద ఊగి చూశానే? ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. లోహం ఎంత బిర్రుగా ఉందన్నది పరమాణువుల మధ్య బంధాల మీద ఆధారపడుతుంది. అల్యూమినియానికి ఆ కొలత 70 గిగాపాస్కల్స్ చుట్టూ ఉంటుంది, టెంపరు ఏదైనా అంతే. మెత్తబడ్డ 6061, టి6 స్థితిలోని 6061 చేతికి ఒకే రకంగా తగులుతాయి. బరువు ఒకటే, మెరుపు ఒకటే. తేడా ఎక్కడ బయట పడుతుందంటే, తిరిగి రాని వంపు మొదలయ్యే చోట. ఆ చోటు నా చెయ్యి చేరలేదు, అబ్బాయి దూకుడు చేరింది. నేను చేసింది పరీక్ష కాదు, ఆ వేషం.

చెయ్యవలసిన పరీక్ష లేకపోలేదు. గట్టితనం కొలిస్తే తెలిసిపోతుంది. బ్రినెల్ కొలమానంలో టి6కి 95, మెత్తబడ్డదానికి 30. అల్యూమినియం కడ్డీలు తయారుచేసే చోట పటకారు ఆకారంలో వెబ్‌స్టర్ అనే పరికరం ఉంటుంది. రెండు దవడల మధ్య పెట్టి నొక్కితే ముల్లు చూపిస్తుంది. అరనిమిషం పని.

అలాగయితే సైకిళ్ళ కంపెనీలు అల్యూమినియం ఫ్రేముల్ని ఎలా అతుకుతున్నాయని అడుగుతారు. 6061 ఫ్రేముని అతికిన తరవాత మొత్తం ఫ్రేముని పొయ్యిలో పెట్టి, మళ్ళీ 530 డిగ్రీలకి కాచి, నీళ్ళలో ముంచి, వంకరలు పోయిన ఫ్రేముని ఇంకా మెత్తగా ఉండగానే సరిచేసి, ఆ తరవాత ముదరబెడతారు. 7005 అనే ఇంకొక రకం ఉంది, జింకు, మెగ్నీషియం కలిసినది. అది మామూలు గాలికి చల్లారినా చాలు, మళ్ళీ కాచి ముంచనక్కరలేదు, ముదరబెడితే సరిపోతుంది. వీధి చివర షాపులో ఈ పొయ్యి ఉండదు, ఉంటుందని వాళ్ళు చెప్పలేదు కూడా. అడగవలసినది నేను.

పోనీ ఇంట్లో ఓవెన్లో పెట్టి ముదరబెడితే? కుదరదు. కరిగిపోయిన భాగం కొంత కోలుకోవచ్చు, కానీ ముదిరి బండలైన భాగం ఆ వేడికి వెనక్కి రాదు. పైగా బాగున్న మిగతా ఫ్రేము కూడా శిఖరం దాటి ముదురుతుంది. తోడు ఎక్కువై పులిసిన పెరుగుని మళ్ళీ పాలు చెయ్యాలంటే మనవల్ల కాదు. లోహాన్ని మాత్రం చెయ్యచ్చు, అంతా కరిగేదాకా కాచి మొదటినుంచీ మొదలుపెడితే.

మనం గుర్తుంచుకోవలసింది

ఈ కథ ముగిసిపోలేదు. 2019లో ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఓవెన్ లేకుండా, గది వేడిలోనే లోహాన్ని అటూ ఇటూ పదేపదే లాగి నెట్టి, ఆ కదలికలో పుట్టే ఖాళీలతోనే పరమాణువుల గుంపులు కట్టించి, గంటల తరబడి ముదరబెట్టిన లోహాలతో సమానమైన బలం తెప్పించారు. ముంచడం బదులు ఆడించడం. నూట పదేళ్ళ తరవాత కూడా విల్మ్ బల్ల మీద మిగిలిపోయిన ముక్కలోంచి కొత్త సంగతులు వస్తూనే ఉన్నాయి.

మనబోటివాళ్ళకి పనికొచ్చేవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. అల్యూమినియం సైకిలు ఫ్రేము పగిలితే అతికించి మళ్ళీ తొక్కించకండి, తయారుచేసినవాళ్ళు మళ్ళీ హీట్ ట్రీట్‌మెంటు చేసి ఇస్తామంటే తప్ప. మామూలు స్టీలు ఫ్రేముల సంగతి వేరు, వాటిని అతికినా ఇంత నష్టం ఉండదు. కారు అల్లాయ్ వీలు గోతిలో పడి వంగితే మంటపెట్టి సరిచేస్తామనేవాళ్ళుంటారు, ఒప్పుకోకండి. చాలా అల్లాయ్ చక్రాలు కూడా టి6 స్థితిలో ఉన్నవే, మంట తగిలినచోట ఆ స్థితి ఉండదు, పైకి మాత్రం గుండ్రంగా మెరుస్తూ ఉంటుంది. నిచ్చెనలు, ట్రైలరు కొక్కేలు, పిల్లల ఊయల గొట్టాలు, ఏదైనా సరే, "ఏ మిశ్రమం?" అని అడిగి ఊరుకోకండి. "ఏ టెంపరు? అతికిన తరవాత ఏం చేశారు?" అని అడగండి.

అబ్బాయి చెయ్యి ఆరువారాలకి నయమయింది. వాళ్ళ నాన్న ఈసారి కొత్త ఫ్రేమే కొన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండునని నాకనిపించింది. పాత ఫ్రేముని నేనే అడిగి తీసుకుని గరాజిలో తగిలించుకున్నాను. వంగిన గొట్టం మీద స్టిక్కరు ఏమాత్రం చిరగలేదు. ఇంకా 6061-టి6 అనే చెబుతోంది.